పంటి ఆపరేషన్‌కు లాఫింగ్ గ్యాస్: సిలిండర్ తెరిచిన దగ్గర నుంచి పేషెంట్ లేచి నడిచే దాకా

మా దగ్గరికి వచ్చే పేషెంట్లలో ఒక రకం ఉన్నారు. ఎక్స్‌రే తీయించుకుంటారు, ఫీజు కడతారు, కుర్చీలో కూర్చుంటారు. ట్రేలో సిరంజి కంటపడగానే "ఒక్క నిమిషం డాక్టరుగారూ, బండికి తాళం వేశానో లేదో చూసొస్తా" అని లేస్తారు. ఇంక రారు. ఆరు నెలలకు దవడ వాచి, నోరు తెరుచుకోని స్థితిలో ఇంకో క్లినిక్‌లో తేలతారు.

ముక్కు ద్వారా పీల్పించే మత్తు ఇలాంటివాళ్ల కోసమే. నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్ కలిపి చిన్న మాస్కుతో ఇస్తాం. పేషెంట్ నిద్రపోడు. చెప్పింది వింటాడు, అడిగితే జవాబిస్తాడు, నోరు తెరవమంటే తెరుస్తాడు. భయం మాత్రం కాస్త పక్కకు జరుగుతుంది. లాఫింగ్ గ్యాస్ అని పేరేగానీ, నేను చూసినంతలో నవ్వేవాళ్లు తక్కువ, కబుర్లు చెప్పేవాళ్లు ఎక్కువ.

కొత్తగా మెషీన్ కొన్న, కొనబోతున్న డెంటల్ సర్జన్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. పేషెంట్లూ, పిల్లల తల్లిదండ్రులూ చదివినా మంచిదే. అయితే ఇది చదివి రేపే మొదలుపెట్టకండి. అనుభవం ఉన్నవాళ్ల పక్కన నిలబడి కొన్ని కేసులు చెయ్యాలి, గుండె ఆగితే ఏం చెయ్యాలో నేర్పే బీఎల్‌ఎస్ కోర్సు మీరూ మీ సిస్టరూ ఇద్దరూ చేసి ఉండాలి.

వాయువు స్వభావం

1844 డిసెంబరు 10న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో కోల్టన్ అనే ఆయన టికెట్లు పెట్టి, జనానికి ఈ గ్యాస్ పీల్పించి నవ్వులాట ప్రదర్శన చేశాడు. పీల్చినవాళ్లలో ఒకతను కాలికి దెబ్బ తగిలించుకున్నాడు, రక్తం కారుతున్నా నొప్పి తెలియలేదన్నాడు. చూస్తున్నవాళ్లలో హోరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు ఉన్నాడు. మర్నాడే కోల్టన్‌తో గ్యాస్ ఇప్పించుకుని, తోటి దంతవైద్యుడు రిగ్స్‌తో తన పన్ను తానే పీకించుకున్నాడు. నొప్పి లేదు. ఆ ఊపులో 1845 జనవరిలో బోస్టన్ వెళ్లి డాక్టర్ల ముందు చేసి చూపించబోతే పేషెంట్ అరిచాడు, అందరూ ఎగతాళి చేశారు. గ్యాస్ పూర్తిగా ఎక్కకముందే సంచి తీసేశామని వెల్స్ తర్వాత చెప్పుకున్నాడు. ఇన్నేళ్లయినా మన క్లినిక్‌లలో ఈ పద్ధతి పనిచెయ్యకపోతే, చాలాసార్లు కారణం అదే తొందర.

నైట్రస్‌కు రంగు లేదు, వాసన లీలగా తియ్యగా ఉంటుంది. రక్తంలో పెద్దగా కరగదు. అందుకే పీల్చిన మూడు నుంచి ఐదు నిమిషాల్లో మెదడు మీద పని కనిపిస్తుంది, ఆపేస్తే అంతే వేగంగా ఊపిరితో బయటికి పోతుంది. లివర్, కిడ్నీల మీద భారం వెయ్యదు. దీని బలం తక్కువ. ఈ ఒక్క వాయువుతోనే ఆపరేషన్ స్థాయి మత్తు రావాలంటే లెక్క ప్రకారం 104 శాతం ఇవ్వాలి, అది మామూలు గాలి పీడనంలో కుదరని పని. మనకు రక్షణ కూడా ఆ బలహీనతే. కానీ పేషెంట్ ఇంటి దగ్గర నిద్రమాత్ర వేసుకుని వచ్చాడంటే ఈ లెక్కలన్నీ తప్పుతాయి. రెండూ కలిసి మనం అనుకున్నదానికంటే లోతుకు తీసుకెళ్తాయి.

ఇంకో మాట ముందే చెప్పాలి. నైట్రస్ మత్తు ఇంజక్షన్‌కు బదులు కాదు. ఎముక చెక్కి జ్ఞానదంతం తియ్యాలంటే లిగ్నోకెయిన్ పడాల్సిందే. నైట్రస్ చేసే పని ఆ సూదిని భరించగలిగేలా చెయ్యడం, ఆ ముప్పావుగంట కుర్చీలో కుదురుగా ఉంచడం.

ఎవరికి ఇవ్వకూడదు

ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ, బీపీ, షుగర్ అదుపులో ఉన్నవాళ్లకూ క్లినిక్‌లో ఇవ్వొచ్చు. అంతకంటే బరువైన జబ్బులుంటే ఎనస్థటిస్ట్ ఉన్న ఆస్పత్రికి పంపండి. ఫారంలో టిక్కులు పెట్టించుకుని వదిలెయ్యకుండా పక్కన కూర్చుని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి.

ముందుగా కన్ను. షుగర్ పేషెంట్లలో రెటీనా ఆపరేషన్లు మామూలైపోయాయి. ఆ ఆపరేషన్‌లో ఒక్కోసారి కంటిలో గ్యాస్ బుడగ పెడతారు. నైట్రస్ ఆ బుడగలోకి చొరబడి దాన్ని ఉబ్బిస్తుంది, కంట్లో ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చు. "విట్రెక్టమీ అయిందా?" అని అడిగితే ఎవరికీ అర్థం కాదు. "కంటి ఆపరేషన్ చేసి కొన్నాళ్లు బోర్లా పడుకోమన్నారా?" అని అడగండి, వెంటనే చెప్తారు. ఆ బుడగ వారాల తరబడి, ఒక్కోసారి రెండు నెలల దాకా ఉంటుంది. కంటి డాక్టర్ సరే అనేదాకా నైట్రస్ ఊసెత్తకండి. ఈమధ్య చెవి లోపల ఆపరేషన్ అయినవాళ్లకు, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవాళ్లకు, పేగు అడ్డుపడినవాళ్లకు కూడా ఇవ్వకూడదు, కారణం ఇదే: ఒంట్లో ఎక్కడ గాలి మూసుకుపోయి ఉన్నా నైట్రస్ దాన్ని ఉబ్బిస్తుంది.

తర్వాత విటమిన్ బి12. నైట్రస్ ఒంట్లో ఉన్న బి12ను పనిచెయ్యకుండా చేస్తుంది. ఆరోగ్యవంతుడికి ఒకసారి గంటసేపు ఇస్తే పట్టించుకోవాల్సింది కాదు. అప్పటికే బి12 అడుగంటి ఉన్నవాడికి మాత్రం నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. మన దగ్గర ఇది అరుదు కాదు. పూర్తి శాకాహారులు, ఏళ్ల తరబడి షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మాత్ర వాడేవాళ్లు, రోజూ పరగడుపున గ్యాస్ట్రిక్ మాత్ర వేసుకునేవాళ్లు, వీళ్లందరినీ ఒకసారి అనుమానించాలి. అరికాళ్ల తిమ్మిర్లు, నడకలో తూలడం ఉన్నాయేమో అడగండి. ఇంకొక గుర్తు మన కళ్లెదుటే ఉంటుంది, నాలుక. గరుకు పోయి, నున్నగా, ఎర్రగా మండుతున్న నాలుక కనిపిస్తే గ్యాస్ పక్కనపెట్టి ముందు రక్తపరీక్ష రాయండి. ఫోలేట్ జీవక్రియలో పుట్టుకతో వచ్చే ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ లోపం ఇంట్లో ఎవరికైనా ఉందని చెప్తే కూడా ఇవ్వకూడదు.

గర్భం మొదటి మూడు నెలల్లో వద్దు. ఆ తర్వాత కూడా గైనకాలజిస్ట్‌తో మాట్లాడకుండా వద్దు. సీఓపీడీ, అంటే ఏళ్ల తరబడి ఊపిరి ఆడకుండా చేసే ఊపిరితిత్తుల జబ్బు, ఉన్న పెద్దవాళ్లకు, బ్లియోమైసిన్ అనే కేన్సర్ మందు తీసుకున్నవాళ్లకు వద్దు. తీవ్రమైన మానసిక వ్యాధికి చికిత్సలో ఉన్నవాళ్లకు వాళ్ల డాక్టర్‌ని అడక్కుండా వద్దు. ధైర్యం కోసమని రెండు పెగ్గులు వేసుకుని వచ్చేవాళ్లను నవ్వుతూనే ఇంకో రోజు రమ్మనండి.

ఆఖరుది చాలామంది మర్చిపోయే పరీక్ష. నోరు మూయించి, ఒక నిమిషంపాటు ముక్కుతోనే ఊపిరి పీల్చమనండి. జలుబు, సైనస్, పిల్లల్లో అడినాయిడ్స్ (ముక్కు వెనక పెరిగే కండ) ఉంటే అర నిమిషానికే నోరు తెరుస్తారు. ముక్కుతో పీల్చలేనివాళ్లకు మాస్కు పెట్టి లాభం లేదు. జలుబు తగ్గాక రమ్మనండి. గుట్కా తిని తిని నోరు రెండు వేళ్లు కూడా తెరుచుకోనివాళ్లకు నైట్రస్ ఇస్తే ధైర్యం వస్తుందేమోగానీ నోరు తెరుచుకోదు, ఆ సంగతి వేరే.

తిండి, సంతకం, తోడు

ఒక్క నైట్రస్ మాత్రమే ఇచ్చేటప్పుడు కటిక ఉపవాసం అక్కర్లేదు. ఖాళీ కడుపుతో వస్తే కళ్లు తిరుగుతాయి, బిర్యానీ తిని వస్తే వాంతి అవుతుంది. రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు తిని రమ్మని చెప్తాను. షుగర్ మాత్ర, బీపీ మాత్ర మామూలుగానే వేసుకోమంటాను. అంగీకార పత్రం తెలుగులో, చదివి వినిపించి, గ్యాస్ పెట్టకముందే తీసుకోవాలి. మత్తులో పెట్టిన సంతకం చెల్లదు.

మెషీన్, సిలిండర్లు: రోజూ పొద్దున పది నిమిషాలు

మన దేశంలో నైట్రస్ సిలిండర్ నీలం, ఆక్సిజన్‌ది నల్లని ఒళ్లు, తెల్లని భుజాలు. అమెరికా నుంచి వచ్చిన మెషీన్ల మీద ఆక్సిజన్ గొట్టం ఆకుపచ్చగా ఉంటుంది. అందుకే రంగు చూసి కాదు, పేరు చదివి బిగించండి. చిన్న సిలిండర్లకు పిన్ను రంధ్రాలు వేరువేరు చోట్ల ఉంటాయి, ఒకదాని స్థానంలో ఇంకొకటి కూర్చోదు. కూర్చోకపోతే బలవంతాన బిగించే మెకానిక్‌లు ఉన్నారు, వాళ్లను గదిలోకి రానివ్వకండి. పైపులు తారుమారై ఆక్సిజన్ బదులు నైట్రస్ వెళ్లిన ఘోరాలు మన దేశంలోనే జరిగాయి.

ఆక్సిజన్ వాల్వ్ దగ్గర నూనె, వేజలీన్ ఉండకూడదు. ఒత్తిడితో వచ్చే ఆక్సిజన్‌కు జిడ్డు తోడైతే అంటుకుంటుంది. మా సిస్టర్ పొద్దున్నే తలకు కొబ్బరినూనె రాసుకుని వస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే సిలిండర్ ముట్టుకోవాలన్నది మా రూలు. పేషెంట్ పెదాలకు కూడా వేజలీన్ పూయం.

ఆక్సిజన్ సిలిండర్‌లో ఉన్నది వాయువు, గేజ్ సగానికి వస్తే సగం మిగిలినట్టు. నైట్రస్ అలా కాదు. మన వంటగ్యాస్‌లాగే లోపల ద్రవంగా ఉంటుంది. ఆ ద్రవం చివరి చుక్క ఆవిరయ్యేదాకా గేజ్ ముల్లు 745 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) దగ్గరే ఉంటుంది, ఆ తర్వాత చకచకా పడిపోతుంది. కాబట్టి గేజ్‌ను నమ్మకండి, తూకం వేసుకోండి. ఇంకో చిక్కు మన ఎండలతో. నైట్రస్ 36.5 డిగ్రీలు దాటితే ఎంత ఒత్తిడిలోనైనా ద్రవంగా ఉండలేదు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో బయట షెడ్డులో సిలిండర్ పెడితే లోపలి ఒత్తిడి బాగా పెరుగుతుంది. నీడలో, చల్లని గదిలో, గోడకు గొలుసు వేసి నిలబెట్టి ఉంచండి.

ఇక పరీక్షలు. రెండు వాయువులూ తెరిచి, నైట్రస్ పారుతుండగా ఆక్సిజన్ సిలిండర్ కట్టెయ్యండి. నైట్రస్ తనంతట తానే సున్నాకు పడాలి. పడకపోతే ఆ రోజు ఆ మెషీన్ ముట్టుకోకండి. ఎంత తిప్పినా ఆక్సిజన్ 30 శాతం కంటే తగ్గకూడదు, అదీ తిప్పి చూడండి. ఆక్సిజన్ ఫ్లష్ బటన్ నొక్కితే మెషీన్‌కు వేలాడే మూడు లీటర్ల గాలి బ్యాగ్ టక్కున నిండాలి. అతుకుల దగ్గర సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూడాలి, ఇంట్లో స్టవ్ పైపుకు చూసినట్టే. రెండో ఆక్సిజన్ సిలిండర్ నిండుగా పక్కనే ఉండాలి. చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్, అడ్రినలిన్ ఉన్న ఎమర్జెన్సీ ట్రే, పనిచేసే సక్షన్, ఇవన్నీ చేతికందే దూరంలో ఉండాలి. కీలకమైనవేగానీ ఇంతకంటే వివరించాల్సినవి కావు.

పీల్చి వదిలిన గ్యాస్ సంగతి మన క్లినిక్‌లలో చాలామంది వదిలేస్తారు. పేషెంట్ పీల్చేది గంట. పక్కన నిలబడే సిస్టర్ పీల్చేది ఏళ్ల తరబడి. అమెరికాలో డెంటల్ అసిస్టెంట్లపై 1992లో వచ్చిన అధ్యయనంలో, వ్యర్థ గ్యాస్‌ను లాగే ఏర్పాటు లేని గదుల్లో వారానికి ఐదు గంటలకు పైగా పనిచేసినవాళ్లకు గర్భం నిలవడం ఆలస్యమైనట్టు తేలింది. అందుకే రెండు పొరల మాస్కు వాడాలి. లోపలి పొర గ్యాస్ ఇస్తుంది, బయటి పొర వదిలిన గాలిని సక్షన్‌తో నిమిషానికి 45 లీటర్ల వేగంతో లాగుతుంది. ఆ గొట్టం చివర కిటికీ బయటికి వెళ్లాలి, వెయిటింగ్ హాల్లోకి కాదు. స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పుతుంది, కొత్త గాలి తేదు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పనిసరి.

అసలు పని: ఒక కేసు మొదటి నుంచి

ముప్పై నాలుగేళ్ల టీచరమ్మ. కింది దవడలో కుడివైపు జ్ఞానదంతం ఎముకలో అడ్డంగా ఇరుక్కుంది. చిన్నప్పుడెప్పుడో పన్ను పీకించుకున్నప్పుడు సూది సరిగా పడక నరకం చూసిందట. రాగానే నాడి 104. బీపీ 138/86. పల్స్ ఆక్సీమీటర్ పెడదామంటే గోళ్లకు ముదురు రంగు పాలిష్. ఒక వేలి పాలిష్ తుడిపించాం. గోరింటాకు దట్టంగా పండి రీడింగ్ తేడాగా వచ్చినప్పుడు చెవి తమ్మెకు పెడతాం.

కుర్చీ వెనక్కి వాల్చి మాస్కు ఆవిడ చేతికే ఇచ్చాను. "మీరే పెట్టుకోండి అమ్మా. నచ్చకపోతే మీరే తీసెయ్యొచ్చు." ఈ ఒక్క మాట పదిశాతం గ్యాస్‌తో సమానం. తాళం తన చేతిలోనే ఉందని తెలిసినవాళ్లు స్థిమితపడతారు. ఏదైనా ఇబ్బందైతే ఎడమ చెయ్యి ఎత్తాలని చెప్పాను. కుడిచెయ్యి ఎత్తితే నా చేతిలోని పరికరానికి తగులుతుంది.

మొదట ఆక్సిజన్ ఒక్కటే, నిమిషానికి ఆరు లీటర్లు, రెండు నిమిషాలు. బ్యాగ్ చూడాలి. ఊపిరి తీసినప్పుడు కొద్దిగా ముడుచుకుని, వదిలినప్పుడు నిండుతూ ఉంటే సరిపోయినట్టు. చపాతీలా అతుక్కుపోతే గ్యాస్ చాలట్లేదు, లీటరు పెంచాలి. బెలూన్‌లా బిగుసుకుపోతే ఎక్కువైంది, లేదా ఆవిడ నోటితో పీలుస్తోంది.

తర్వాత నైట్రస్ 10 శాతం, అంటే ఆరు లీటర్లలో 0.6. ఒక నిమిషం ఆగాను. 20 శాతం, అంటే 1.2. మళ్లీ నిమిషం. మొత్తం ఆరు లీటర్లు మారకూడదు. నైట్రస్ పెంచినంత ఆక్సిజన్ తగ్గించాలి, ఇప్పటి మెషీన్లు ఆ పని తామే చేస్తాయి. 20 దగ్గర అడిగాను:

"ఎలా ఉందమ్మా?"

"ఏం లేదండీ. మామూలుగానే ఉంది."

30 శాతం: నైట్రస్ 1.8, ఆక్సిజన్ 4.2. ఈసారి "ఎలా ఉంది" అని అడగలేదు. "కాళ్ల వేళ్లు వెచ్చగా అనిపిస్తున్నాయా, తిమ్మిరి ఎక్కినట్టు?" అన్నాను. ఏం రావాలో ముందే చెప్తే అది వచ్చినప్పుడు భయపడరు. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఆఁ... చేతుల్లో కూడా. పడవలో కూర్చున్నట్టుంది" అంది. భుజాలు కిందికి దిగాయి. కుర్చీ చెయ్యిని పట్టుకున్న వేళ్లు విప్పుకున్నాయి. నాడి 84.

అక్కడ ఆపాలి. 35కి వెళ్దాం, ఇంకా బాగుంటుంది అని చెయ్యి లాగుతుంది, వెళ్లొద్దు. పెద్దవాళ్లలో ఎక్కువమందికి 30 నుంచి 40 శాతం మధ్య సరిపోతుంది, 50 దాటించాల్సిన పని మామూలుగా లేదు. మొన్న ఫలానావాళ్లకు 40 ఇచ్చాం కదా అని ఇవాళ ఇంకొకరికి 40తో మొదలుపెట్టడం తప్పు. నిన్న 40 కావాల్సిన మనిషికే ఇవాళ 25 చాలొచ్చు.

ఇప్పుడు మత్తు ఇంజక్షన్. సూది కనపడకుండా గడ్డం కింది నుంచి తెచ్చి, లిగ్నోకెయిన్ 2 శాతం, అడ్రినలిన్ కలిపింది, నెమ్మదిగా ఇచ్చాను. పెదవి మొద్దుబారేదాకా ఆగాను. ఆగే ఆ ఐదు నిమిషాలూ ఆవిడ తన క్లాసులో అల్లరి పిల్లాడి గురించి చెప్తూనే ఉంది. ఎక్కువ మాట్లాడనివ్వకండి. మాట్లాడినప్పుడల్లా నోటితో గాలి పీలుస్తారు, మత్తు పల్చబడుతుంది, నైట్రస్ గదిలోకి వస్తుంది.

చిగురు కోసి, ఎముక చెక్కేటప్పుడు 30 దగ్గరే ఉంచాను. డ్రిల్ చప్పుడుకు కనురెప్పలు బిగిస్తే ఐదు శాతం పెంచుదామనుకున్నాను, అవసరం రాలేదు. ప్రతి రెండు మూడు నిమిషాలకొకసారి "వినపడుతోందా అమ్మా?" అంటే తల ఊపింది. ఈ తల ఊపే మనకు అసలు మానిటర్. ఆక్సీమీటర్ అంకెలు ఆలస్యంగా చెప్తాయి, మనిషి ముందే చెప్తాడు. పన్ను బయటికొచ్చాక, కుట్లు మొదలుపెట్టేముందే నైట్రస్ ఆపేసి పూర్తి ఆక్సిజన్ పెట్టాను. కుట్లు పూర్తయ్యేసరికి ఐదు నిమిషాల ఆక్సిజన్ ఎటూ అయిపోతుంది.

ఆ ఐదు నిమిషాలు మానకండి. నైట్రస్ ఆపగానే రక్తంలోంచి ఊపిరితిత్తుల్లోకి అది ఒక్కసారిగా వచ్చి పడి, అక్కడున్న ఆక్సిజన్‌ను పల్చబరుస్తుంది. వెంటనే మామూలు గాలికి వదిలేస్తే తలనొప్పి, వికారం, మగత.

ఎక్కువైతే

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఒక కుర్రాడికి తొందరపడి రెండు నిమిషాల్లో 50కి తీసుకెళ్లాను. బయట ఇంకో ఇద్దరు వెయిటింగ్. మూడో నిమిషంలో అతని పై పెదవి మీద చెమట పట్టింది. నోరు తెరవమంటే తెరిచి, వెంటనే మూసేస్తున్నాడు. "మీ మాట బావిలోంచి వినిపిస్తోందండీ" అన్నాడు. అది పక్కా గుర్తు, నేను పట్టుకోలేదు. నాలుగో నిమిషంలో వాంతి.

ఆ మూడు గుర్తులూ మీరు గుర్తుంచుకోండి: పై పెదవి చెమట, పదేపదే మూసుకుపోయే నోరు, దూరం నుంచి వినిపిస్తున్నట్టు మాట. వీటితోపాటు ఉన్నట్టుండి ఏడుపో పగలబడి నవ్వో వచ్చినా, చూపు ఒకచోట నిలిచిపోయినా, పిలిస్తే పలక్కపోయినా నైట్రస్ ఎక్కువైనట్టే. కొద్దిగా ఉంటే 5 నుంచి 10 శాతం తగ్గించండి, నిమిషంలో తేరుకుంటారు. పలక్కపోతే పూర్తిగా ఆపి ఆక్సిజన్. వాంతి వస్తుంటే మాస్కు తీసి, తల, ఒళ్లు పక్కకు తిప్పి, సక్షన్ పెట్టాలి. నోట్లో ఉన్న గాజ్, పన్ను ముక్కలు ముందు బయటికి. తేరుకున్నాక మళ్లీ ఆక్సిజన్. ఆ రోజుకు ఇక నైట్రస్ వద్దు.

ఇంకొక విషయం నేరుగా చెప్పాలి. ఈ మత్తులో కొందరికి కలల్లాంటివి వస్తాయి, వాటిలో లైంగికమైనవీ ఉంటాయి. పేషెంట్ నిజంగా జరిగిందనుకుంటారు. ఆడ పేషెంట్ అయినా మగ పేషెంట్ అయినా గదిలో డాక్టర్ ఒక్కరే ఉండే ప్రసక్తే లేదు. సిస్టర్ ఫోన్ ఎత్తడానికి కూడా బయటికి వెళ్లకూడదు.

పిల్లలకు ఇచ్చేటప్పుడు

పిల్లలతో మాస్కు పేరే "మాస్కు" కాదు. ఏనుగు ముక్కు అంటాను, ఒక్కొక్కరికి రాకెట్ డ్రైవర్ టోపీ. స్ట్రాబెరీ వాసన మాస్కులు దొరుకుతాయి. ముందు వాళ్లమ్మకు పెట్టి చూపించి, తర్వాత బొమ్మకు, తర్వాత వాడికి. ఏడుస్తున్న పిల్లాడి ముఖానికి మాస్కు అదిమిపెట్టకండి. ఏడ్చే పిల్లాడు నోటితోనే పీలుస్తాడు, గ్యాస్ వాడికి అందదు, భయం మాత్రం జీవితాంతం ఉండిపోతుంది. చెప్పిన మాట వినే వయసు, సుమారు నాలుగేళ్లు, వచ్చేదాకా ఈ పద్ధతి మీద ఆశ పెట్టుకోవద్దు. అసలు సహకరించని పిల్లలను ఆస్పత్రిలో పూర్తి మత్తులో చెయ్యడమే మేలు. దాన్ని ఓటమి అనుకునే డాక్టర్లున్నారు, నేను అనుకోను.

"బుజ్జమ్మా, కాలి వేళ్ల దగ్గర చీమలు నడుస్తున్నాయా?" అని అడిగితే మొన్నొక ఐదేళ్ల పిల్ల "చీమలు కాదు అంకుల్, సీతాకోకచిలుకలు" అని సరిదిద్దింది. అప్పుడే సూది వెయ్యాలి. రబ్బర్ డ్యామ్ (పంటి చుట్టూ నోటికి అడ్డంగా పరిచే పల్చటి రబ్బరు షీటు) పెడితే నోటితో పీల్చడం తగ్గి మత్తు బాగా నిలుస్తుంది. పిల్లల్లో లిగ్నోకెయిన్ లెక్క తప్పకూడదు. కిలోకు 4.4 మిల్లీగ్రాములు గరిష్ఠం. 15 కిలోల పిల్లకు 66 మిల్లీగ్రాములు, అంటే 2 శాతం మందు 3.3 ఎంఎల్ దాటకూడదు. నైట్రస్‌తో కుదురుగా ఉంది కదా అని నాలుగు పళ్లు ఒకేసారి తియ్యాలనిపించే రోజునే ఈ పొరపాటు జరుగుతుంది.

ఇంటికి పంపేముందు

టీచరమ్మ లేచి కూర్చుంది. రెండు నిమిషాలు అలాగే కూర్చోబెట్టి, నాడి, బీపీ మళ్లీ చూశాం. తలుపు దాకా వెళ్లి తిన్నగా వెనక్కి నడిచింది. తన ఫోన్ నంబర్ తడుముకోకుండా చెప్పింది. నైట్రస్ ఒక్కటే వాడితే ఇంతే, పావుగంటకు మామూలు మనిషి. అయినా అరగంట కూర్చోబెడతాను. స్కూటీ తాళం ఆవిడ భర్త చేతికిస్తాను. పిల్లలనైతే పెద్దవాళ్లు లేకుండా పంపే ప్రశ్నే లేదు.

కేసు షీట్‌లో రాయాల్సినవి: మొదలుపెట్టిన టైము, గరిష్ఠంగా ఇచ్చిన శాతం, ఆపిన టైము, ఆక్సిజన్ ఇచ్చిన నిమిషాలు, ముందూ మధ్యలో చివర్లో నాడి, బీపీ, ఆక్సిజన్ శాతం, పంపినప్పటి స్థితి. "నైట్రస్ ఇచ్చాం, బాగుంది" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. వచ్చేసారి ఆవిడ రెండోవైపు జ్ఞానదంతం కోసం వచ్చినప్పుడు, 30 శాతంలో పడవ ఎక్కిందని ఆ షీట్ చెప్పాలి. అయినా మొదలుపెట్టాల్సింది 10 నుంచే.

మాస్కు, గొట్టాలు స్టెరిలైజ్ చెయ్యాలి, వాడి పారేసేవైతే పారెయ్యాలి. సాయంత్రం సిలిండర్లు కట్టేసి, గొట్టాల్లో మిగిలిన గ్యాస్ వదిలేసి, గేజ్‌లు సున్నాకు వచ్చాయని చూసి లైటు తీయండి.

టీచరమ్మ వెళ్తూ దూది కొరుకుతూనే మొద్దుబారిన పెదవితో అడిగింది: "రెండోది కూడా ఇవాళే తీసెయ్యకూడదా డాక్టరుగారూ?"

"మూడు వారాలాగి రండి అమ్మా" అన్నాను. "ఇడ్లీ తిని."